పదమూడు అక్షరాలు, ఆ తర్వాతే అన్నం

తాహితి అనే దీవి ఒకటుందని నాకు షార్జాలో తెలిసింది, రోలా బజారు వెనక వీధిలో, మూడు కాపురాలు పంచుకునే వంటగదిలో. ఆ దీవి మనిషి ఒకామె మా ఫ్లాటులో మూడో గదికి అద్దెకు వచ్చింది. రెండు వేల పదమూడో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. మొదటి గది మా అబ్బాయిది, కోడలిది. హాల్లో చెక్క అడ్డం కొట్టి విడదీసిన ముక్క నాది. రెండో గదిలో కేరళ భార్యాభర్తలుండేవారు గాని వాళ్ళు ఇంట్లో ఉన్నారా లేరా అన్నది చెప్పులు చూసి తెలుసుకోవలసిందే.

ఆమె పని దుబాయ్‌లో ఒక హోటల్లో. జనం భోజనాలు చేస్తుంటే తన దేశపు నాట్యం ఆడాలి. అలాంటి ఆడవాళ్ళకు హోటలువాళ్ళే బస ఇస్తారట, పిల్లలున్న వాళ్ళకు మాత్రం ఇవ్వరట. ఆమెకు పిల్ల ఉంది. నాలుగు నిండి ఐదులో పడిన ఆడపిల్ల. దాని తండ్రి తెల్లవాడు, అదే హోటల్లో వంటవాడుగా ఉండి వేరే దేశం వెళ్ళిపోయాడు. ఇదంతా మా కోడలు ఇంగ్లీషులో అడిగి నాకు తెలుగులో చెప్పింది. నేను అడగమన్నాను కాబట్టే అడిగింది. మనిషి సంగతి తెలియకుండా వంటగదిలో సగం అలమర ఎలా ఇస్తాను?

వారం తిరక్కుండా ఒప్పందం కుదిరింది. ఆమె మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళేటప్పుడు పిల్లను నాకు అప్పగిస్తుంది. బదులుగా వంటగది, స్నానాల గది తన వంతూ మా వంతూ కలిపి తనే కడుగుతుంది. నేను ఇండియా నుంచి పెట్టెలో పెట్టి తెచ్చుకున్న కొబ్బరి ఈనెల చీపురు చూసి ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసింది. తమ దీవిలోనూ ఇదే చీపురట. అంత దూరపు మనిషి మన చీపురు చూసి మురిసిపోవడం నాకు నచ్చింది. అందుకే నమ్మాను. ఆమె కూడా బహుశా అందుకే నమ్మింది.

మా ఇద్దరికీ మధ్య నడిచింది ముక్కల హిందీ. నాది బజారులో కూరలవాళ్ళ దగ్గర పట్టుకున్నది, ఆమెది హోటలు వంటవాళ్ళ దగ్గర పట్టుకున్నది. నన్ను మాజీ అనేది, హిందీవాళ్ళు పెద్దావిడను అమ్మా అని పిలిచినట్టు. పిల్ల మాత్రం మూడోరోజే మామ్మా అనడం మొదలుపెట్టింది, మా వైపు నాయనమ్మని పిలిచినట్టు. నేర్పకుండానే ఆ పిల్ల తెలుగు పట్టేసింది. నీళ్ళు, రా, వద్దు, ఆకలి. నోట్లో వేలు పెట్టుకున్నంత సులువుగా తెలుగు వచ్చేసింది.

ఒక పొద్దున ఆమె బియ్యం కడుగుతూ అసలు సంగతి చెప్పింది. హోటల్లో పని చలికాలం చివరి దాకానే. ఆ తర్వాత ఓడలో నాట్యానికి పిలిచారు. ఓడలోకి పిల్లను రానివ్వరు. దీవిలో ఆమె తల్లి ఉంది. చెప్పకుండా ఇల్లు వదిలి వచ్చిందని ఆ తల్లికి కోపం. పిల్లను నీ దగ్గర ఉంచుకుంటావా అని అడిగితే, నాతో మాట్లాడగలిగే పిల్లనైతే పంపు, నేను చెబితే తెలియని, తను చెబితే నాకు తెలియని పిల్లను ఈ వయసులో పెంచలేను అందట. ముసలామెకు తన భాష తప్ప మరొకటి రాదు. పిల్లకు ఆ భాష రాదు. తండ్రికి నచ్చదని ఆ నాలుగేళ్ళూ పిల్లతో ఫ్రెంచిలోనే మాట్లాడారు.

"అమ్మ కాదంటే?" అన్నాను.

"దాని నాన్న దేశంలో ఒక హాస్టలుంది, మాజీ. ఎవరూ లేని పిల్లల్ని పెట్టుకుంటారు. ఆయన రాసి ఇస్తానన్నాడు. ఆ పని మాత్రం చేస్తానన్నాడు."

అని, బియ్యం నీళ్ళు వంచి, కాగితం ఒకటి తీసింది. పొద్దున తను పడుకుని ఉంటుంది, తర్వాత పనికి పోతుంది. పగలంతా పిల్లతో ఉండేది నేను. కాబట్టి నేను చెప్పాలి. కాగితం పైన వాళ్ళ అక్షరాలు, కింద ఇంట్లో వాడే మాటలు ఒక ముప్ఫై. అన్నం పెట్టేటప్పుడు అన్నం మాట, పడుకోబెట్టేటప్పుడు నిద్ర మాట, పిలిచేటప్పుడు రమ్మనే మాట అనాలి. పైనున్న అక్షరాలు నేను సరిగ్గా పలకడం కోసం రాసినవే గాని పిల్లకు చెప్పడానికి కాదు. అది ఆమె చెప్పింది కూడా. నేను వినలేదు.

ఆమె ఒక్కొక్కటీ పలుకుతుంటే నేను కింద తెలుగులో రాసుకున్నాను. ఆ, ఏ, ఫా, హే, ఈ, మో, నూ, ఓ, పీ, రో, తీ, ఊ, వీ. పదమూడు.

"ఇంకా?" అన్నాను.

"అంతే. ఖలాస్."

"క ఏది?"

"లేదు."

"చ, జ, డ?"

"లేవు."

"ల?"

తల అడ్డంగా ఊపింది.

"మీ వాళ్ళు మాట్లాడుకుంటారా, గాలి ఊదుకుంటారా?"

"మీకు ఎన్ని, మాజీ?"

"యాభై ఆరు."

"అందుకే మీ కోడలూ మీరూ మాట్లాడటం మొదలుపెడితే నాకు నిద్ర పట్టదు" అంది.

పదమూడేనని తేలిగ్గా తీసుకోకూడదని తర్వాత తెలిసింది. వాళ్ళ ర మన ర లాగే నాలుక అదిరించి అనాలి, ఫ్రెంచివాళ్ళ లాగా గొంతులో గీరకూడదు. హ మామూలు హ యే గాని, ముందు ఇ, వెనక ఒ వస్తే ష లాగా పలుకుతుంది. ఇహో అని రాసి ఇషో అంటారు. అచ్చుల మీద గీత పెడితే దీర్ఘం. దాన్ని తారవ అంటారట. మన దగ్గర పొట్టి కొమ్ముకీ పొడుగు కొమ్ముకీ తేడా వస్తే మాట మారిపోయినట్టే వాళ్ళ దగ్గరా మారిపోతుంది. అన్నిటికంటే కష్టమైంది పద్నాలుగోది. అక్షరమని వాళ్ళూ గట్టిగా అనరు. కామా లాంటి చిన్న గుర్తు, పేరు ఎతా. రెండు అచ్చుల మధ్య గొంతు టక్కున మూసి తెరవాలి. ఆమె పదిసార్లు చేసి చూపించింది. నాకు మొదటిసారే పట్టుబడింది. కాపురానికి వెళ్ళిన కొత్తలో నేను తోడికోడలితో ఏదో చెబుతుంటే అత్తగారు గుమ్మంలోకి వచ్చేవారు. మాట ఎక్కడుంటే అక్కడ గొంతులో ఆగిపోయేది. అదే ఎతా. ముప్ఫై ఏళ్ళు చేశాను నేను దాన్ని.

ఇక్కడ నా చదువు గురించి చెప్పాలి. నేను బడికి వెళ్ళింది రెండేళ్ళు, పిఠాపురం దగ్గర మా ఊళ్ళో. పలక కొనేదాకా ఇసుకే. మేస్టారు నా చూపుడువేలు పట్టుకుని ఇసుకలో రుద్దించేవారు. వేలి కొస చర్మం లేచిపోయేది. తప్పు చెబితే చెయ్యి చాపమనేవారు. గుణింతాలు పూర్తయి ఒత్తులు మొదలుపెట్టే నెలలో మా తమ్ముడు పుట్టాడు. నన్ను ఉయ్యాల దగ్గర కూర్చోబెట్టారు. అందుచేత చాలా ఏళ్ళు నాకు ఒత్తులు రాలేదు. చదువుతుంటే ఒత్తు వచ్చిన చోట గుమ్మం తగిలినట్టు ఆగి, ఊహించి దాటేదాన్ని. తర్వాత కిరాణా పొట్లాల కాగితాల మీద ఒక్కొక్క ఒత్తూ కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ చదువుతోనే.

ఆ కాగితం చూస్తూ ఉంటే నాకు ఒకటి తట్టింది. ఈ భాషకు ఒత్తులు లేవు. ఒక అక్షరం కింద ఇంకొకటి చేరదు. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. నా రెండేళ్ళ చదువు సరిగ్గా సరిపోయే భాష లోకంలో ఒకటుంది. మా కోడలు పదహారేళ్ళు చదివింది, పళ్ళ డాక్టరు దగ్గర ఫోనులెత్తుతుంది. ఆమెకు ఆ ఎతా రాలేదు. నాకు వచ్చింది. నా జన్మలో నన్ను పాఠం చెప్పమని అడిగిన మనిషి ఈమె ఒక్కతే. నేను బాగా చెబుదామనే అనుకున్నాను.

కింది సగం, ముప్ఫై మాటలున్న భాగం మడిచి, చించి, డబ్బాలో పెట్టాను. మాటలు తర్వాత. అక్షరం రానిదే మాట ఎక్కడ నిలుస్తుంది అన్నది నా నమ్మకం. నాకు అలాగే చెప్పారు, నా పిల్లలకు నేను అలాగే చెప్పించాను.

బిల్డింగు వెనక ఖాళీ జాగాలో ఇసుక తెచ్చి జల్లించి అల్యూమినియం పళ్ళెంలో పోశాను. ఆ దేశంలో దానికొక్కదానికే ఎవరూ ఖరీదు అడగరు. ఆమె బస్సెక్కిన వెంటనే పిల్లను పళ్ళెం ముందు కూర్చోబెట్టేదాన్ని. ఏసీ కట్టేసేదాన్ని. చల్లగా ఉంటే పిల్లలకు నిద్ర వస్తుంది, కరెంటూ పోతుంది. వేలు పట్టుకుని ఆ రాయించి, ఆ అనిపించి, ఏ రాయించి, ఏ అనిపించి. పదమూడూ వరసగా తప్పు లేకుండా చెబితేనే కంచం పెట్టాలని నియమం పెట్టాను. పిల్లకు ఒంటిగంటకు ఆకలి వేసేది. కొన్ని రోజులు మూడయ్యేది. ఒకరోజు ఐదయింది.

"మామ్మా, ఆకలి" అనేది.

"ఆకలి అనే మాటలో క ఉంది, ల ఉంది. మీ అమ్మమ్మ ఊళ్ళో ఆ రెండూ లేవు. అక్కడ అది చెల్లదు. ఇవి చెప్పు."

దానికి ఇది ఎంతవరకు అర్థమయ్యేదో నేను చూడలేదు. మళ్ళీ ఆ, ఏ అని మొదటి నుంచి ఎత్తుకునేది.

మో తర్వాత నూ రావాలి. ఆ పిల్ల ఎప్పుడూ మో తర్వాత పీ కి పోయేది. రెండు వారాలు చెప్పి చూశాను. తర్వాత చీపురులోంచి ఒక ఈనె తీశాను. ఈనె సన్నగా ఉంటుంది, ఎముకకు తగలదు, చర్మానికే తగులుతుంది. చెయ్యి చాపు అనేదాన్ని. ఒక్కటి, ఎక్కువ కాదు. తప్పుకు ఒకటి చొప్పున. మొదట్లో చెయ్యి వెనక్కి దాచుకునేది. దాచుకుంటే రెండు. నెల తిరిగేసరికి నేను చెప్పవలసిన పని లేకపోయింది. పీ అన్న వెంటనే తప్పని తెలిసి తనే చెయ్యి చాపి, కళ్ళు గట్టిగా మూసుకునేది. అది చూసి నాకు సంతోషమయింది. దారిలో పడిందనుకున్నాను.

కోడలు సెలవు రోజున ఒకసారి చూసింది.

"అత్తయ్యగారూ, ఆవిడ మాటలు చెప్పమంది. మీరు ఓనమాలు దిద్దిస్తున్నారు."

"అక్షరం లేకుండా మాట నిలవదు."

"మీ అబ్బాయికి మాటలొచ్చాకే గదా బడిలో వేశారు?"

"వాడు తెలుగు గాలిలో పుట్టాడు. ఇక్కడ గాలిలో ఏముంది, ఏసీ వాసన తప్ప?"

"అదైనా మీరు వెయ్యనిస్తే గదా." అని ఆగి, "ఇక్కడ పరాయి పిల్లల మీద చెయ్యి చేసుకుంటే పోలీసులొస్తారు. మీ అబ్బాయి వీసా పోతుంది" అంది.

"చేయి ఎవరు చేసుకున్నారు? ఈనె అది."

కోడలు గదిలోకి పోయి తలుపు వేసుకుంది. తల్లికి మాత్రం చెప్పలేదు. వీసా భయం దానిదీ నాదీ ఒకటే. ఇప్పుడు అప్పుడప్పుడు తను అప్పుడే చెప్పి ఉండవలసిందని అంటుంది. నేను అవుననను, కాదనను.

ఈనె వాతలు సాయంత్రానికి చల్లారిపోయేవి. తల్లి వచ్చేసరికి పిల్ల నిద్రలో ఉండేది. పొద్దున తల్లి లేచి పిల్లను ఒళ్ళో వేసుకుని చదివిందా అని నన్ను అడిగేది. చదివింది అనేదాన్ని. అబద్ధం కాదు. అక్టోబరు వచ్చేసరికి ఇసుకలో పదమూడూ రాసేది. ఆ అన్నా ఊ అన్నా దీర్ఘం సరిగ్గా లాగేది. ఎతా దగ్గర గొంతు మూసి తెరిచేది, చూస్తే ముచ్చటేసేది. కాని ఆ భాషలో ఆకలేస్తోంది అనడం దానికి రాదు. అమ్మమ్మా అనడం రాదు. డబ్బాలో కాగితం ముక్క అలాగే ఉంది. ఇంకో నెలలో తీద్దామనుకున్నాను.

అప్పుడు తల్లి చెప్పింది, దీవిలో ముసలామె పిల్లను చూసి మాట్లాడి చూస్తానందని. శుక్రవారం పొద్దున, మా అబ్బాయి కంప్యూటర్లో. ఆ ముఖాలు కనిపించే ఫోను షార్జాలో ఒకరోజు పలికేది, ఇంకో రోజు పలికేది కాదు. ఆ రోజు పలికింది. మాకు శుక్రవారం పొద్దున తొమ్మిదయితే అక్కడ ఇంకా గురువారం సాయంత్రమేనట. వాళ్ళింట్లో దీపాలు పెట్టి ఉన్నాయి.

పరీక్ష అది. నాకూ పరీక్షే. పొద్దున ఏడింటికే పిల్లను లేపి వంటగదిలోకి తీసుకుపోయి, తల్లి లేచేలోగా నాలుగుసార్లు చెప్పించాను. రెండుసార్లు నూ తప్పింది. రెండుసార్లు చెయ్యి చాపింది. టిఫిను తర్వాత అన్నాను. ముందు అమ్మమ్మకు చెప్పు, తర్వాత తిందువు గాని.

హాల్లో నా మంచం మీద కంప్యూటరు పెట్టారు. మా అబ్బాయి, కోడలు, తల్లి, నేను, మధ్యలో పిల్ల. తెరలో ముసలామె కనిపించింది. నాకంటే పెద్దది, పైన పళ్ళు లేవు, చెవి వెనక తెల్లపువ్వు. వెనకాల ఎక్కడో కోళ్ళు అరుస్తున్నాయి. ఆమె కూతురి వైపు చూడలేదు. పిల్లను చూసింది. చాలాసేపు చూసి, చిన్న గొంతుతో ఏదో అంది. పిల్ల కదలలేదు. మళ్ళీ అంది. పిల్ల తల్లి మొహం చూసింది. తల్లి పెదవి కొరుక్కుంటోంది.

అప్పుడు ముసలామె పక్కనున్న గిన్నె తీసుకుంది. అందులో ఉడికించిన దుంప లాంటిది. ఒక ముక్క తుంచి తెర దగ్గరికి చాపి, తన నోటి వైపు చూపించి, తిన్నావా అన్నట్టు అడిగింది. ఆ మాటకు అర్థం మా ఇంట్లో తల్లికి తప్ప ఎవరికీ తెలియదు, చేసిన పని మాత్రం అందరికీ తెలిసింది. పిల్లకు తిండి కనిపించింది. తిండి కనిపిస్తే ఏం చెయ్యాలో పిల్లకు తెలుసు.

లేచి నిలబడింది. చేతులు రెండూ పక్కలకు ఆనించింది. ఆ, ఏ, ఫా, హే, ఈ, మో.

ఆగింది. ముసలామె చేతిలో ముక్క అలాగే ఉంది. పిల్ల మింగి, "పీ" అంది.

అని, కళ్ళు మూసుకుని, అరచెయ్యి తెర ముందుకు చాపింది.

కంప్యూటర్లో మూలన మా వైపు బొమ్మ చిన్నగా కనిపిస్తుంది. అందులో ఆ అరచెయ్యి నేనూ చూశాను. పొద్దున్నవి రెండు గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. అంత చిన్న బొమ్మలో మాకే కనిపిస్తే అవతల తెర నిండా కనిపించి ఉంటాయి. ఎవరూ కొట్టలేదు కాబట్టి పిల్ల చెయ్యి తియ్యలేదు. అలాగే నిలబడి ఉంది. దెబ్బ పడితేనే చెయ్యి తియ్యాలని నేనే చెప్పాను.

ముసలామె గిన్నె కింద పెట్టింది. కూతురితో ఒక్క మాట అంది. తెర మీదికి వచ్చిన తర్వాత కూతురితో మాట్లాడింది అదే మొదలు. తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని, విప్పి, వెలుగు వైపు తిప్పి చూసింది. తర్వాత కిటికీ గట్టు మీదున్న ఈనెను చూసింది.

దాచడం నాకు చేతకాదు. "నేనే" అన్నాను. "నేర్పమన్నావు. నేర్పాను."

"నేను మాటలు అడిగాను, మాజీ."

"ముందు అక్షరాలు."

"మా అమ్మకు అక్షరాలు రావు" అంది. గొంతు పెంచలేదు. "ఒక్కటి కూడా రాదు. ఎప్పుడూ రాలేదు."

"పదమూడే గదా, నేర్చుకోవలసింది" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. మా అబ్బాయి "అమ్మా, నోరు ముయ్యి" అన్నాడు. వాడు నన్ను ఆ మాట అనడం అదొక్కసారే.

తెరలో ముసలామె ఏడవలేదు, అరవలేదు. తడుముకోకుండా నాలుగైదు మాటలు చెప్పింది. తల్లి కోడలితో ఇంగ్లీషులో అంది, కోడలు నాకు తెలుగులో చెప్పింది. అక్కరలేకపోయినా చెప్పింది. పిల్లను పంపెయ్యి, భాష రాకపోయినా ఫరవాలేదు, నేను నేర్పుకుంటాను, ముందు ఆ ఇంట్లోంచి తియ్యి.

అలా కుదిరింది. హాస్టలు తప్పింది. నా వల్లే కదా తప్పింది అని ఒకసారి అంటే కోడలు తినే కంచం ముందు నుంచి లేచిపోయింది. అందులో అబద్ధం ఏముందో ఇప్పటికీ నాకు కనిపించదు. ఆ పిల్ల ముప్ఫై మాటలూ చక్కగా చెప్పి ఉంటే ముసలామె ఇంకా నాలుగు పరీక్షలు పెట్టేదేమో.

కాని ఆ తర్వాతి నెల గురించి కూడా చెప్పాలి. టికెట్టు, కాగితాలు కుదిరేదాకా వాళ్ళు ఆ గదిలోనే ఉన్నారు. వేరే చోట పిల్లతో ఎవరు రానిస్తారు? తల్లి పిల్లను నాకు వదల్లేదు. బస్సులో వెంట తీసుకుపోయి, నాట్యం బట్టలు వేలాడదీసే గదిలో పడుకోబెట్టేదట. వంటగది తన వంతు మాత్రం కడిగేది. మా వంతు రోజున గిన్నెలు అలాగే ఉండేవి. నేనే కడుక్కున్నాను.

ఒక పొద్దున వంటగదిలో నేను కంచం పట్టుకుని వెనక్కి తిరిగాను. పిల్ల స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను, కంచాన్ని చూసి స్టూలు దిగి, చేతులు పక్కలకు ఆనించి, ఆ, ఏ, ఫా అని మొదలుపెట్టింది. తల్లి వచ్చి దాని నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది. పిల్ల ఆ చెయ్యి వెనక నుంచే చెబుతూ ఉంది. హే, ఈ, మో. తర్వాత ఏమన్నదో వినపడలేదు. తల్లి దాన్ని ఎత్తుకుని గదిలోకి పోయింది. నేను కంచం అక్కడే పెట్టాను. నూ అన్నదో పీ అన్నదో అని ఆలోచించాను. సిగ్గులేకుండా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, నాకు ముందు వచ్చిన ఆలోచన అదే.

వెళ్ళే రోజు పొద్దున పెట్టెలు గుమ్మం దగ్గర ఉన్నాయి. తల్లి ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అందులో ముసలామె. నాతో మాట్లాడతానందట. నేను కొంగు సర్దుకుని కూర్చున్నాను. తప్పించుకుని గదిలో దూరే మనిషిని కాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నేనూ చూశాను. తర్వాత మొదలుపెట్టింది. మెల్లగా, ఒక్కొక్క అక్షరం విడదీసి, చిన్నపిల్లకు చెబుతున్నట్టు చెప్పింది. ర అదిరింది. దీర్ఘం లాగిన చోట లాగింది. ఎతా దగ్గర గొంతు మూసి నన్ను చూసి తెరిచింది. ఒక మాటలో ఇషో అన్నట్టు వినిపించింది. నాకు ప్రతి అక్షరం తెలిసింది. తెలియని అక్షరం ఒక్కటీ రాలేదు. ఎంతసేపు చెప్పిందో, నేను ఎక్కడా తల తిప్పలేదు. ఆ మాటల్లో ఒక్కదానికీ అర్థం నాకు తెలియదు. వాటిలో కొన్ని ఆ ముప్ఫై మాటల్లోవే అయి ఉంటాయి. డబ్బాలో పెట్టినవి.

చెప్పడం అయ్యాక ఆమె తన చెవి వెనక పువ్వు సర్దుకుని, తెర మీద నుంచి పక్కకు తప్పుకుంది.

"ఏమంది?" అన్నాను తల్లితో.

ఆమె ఫోను సంచిలో వేసుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుంది. పిల్ల నన్ను చూడలేదు. తలుపు దగ్గరకు వెళ్ళాక తల్లి వెనక్కి తిరిగి, "అక్షరాలన్నీ మీకు వచ్చు గదా, మాజీ. చదువుకోండి" అంది.

వాళ్ళు లిఫ్టు ఎక్కిన చప్పుడు విని, మర్చిపోకముందే పెన్ను తీసుకుని, ముసలామె అన్నది గుర్తున్నంత వరకు తెలుగు అక్షరాల్లో రాశాను. ఏడు వరసలు వచ్చాయి. ఒక్క ఒత్తు కూడా పడలేదు. ఊరికి తిరిగి వచ్చాక మా కూతురి కూతురు ఆ కాగితం చూసి, ఇయ్యి అమ్మమ్మా, ఎక్కడో అడిగి అర్థం కనుక్కుంటానంది. ఇవ్వలేదు. అప్పుడప్పుడు తీసి చదువుతాను. ఎక్కడా ఆగకుండా, గొంతు మూయవలసిన చోట మూసి, పైకే చదువుతాను.